సాలెపురుగులకూ ఓ తిరనాళ్ల

ఎవరి పిచ్చి వారికి ఆనందం అని వూరికే అన్నారా! కొందరికి చీరల పిచ్చి, కొందరికి స్టీలు సామాన్ల పిచ్చి, ఇంకొందరికి తపాలా బిళ్లల పిచ్చి. కుక్కల్నీ కుందేళ్లనీ పెంచుకునేవాళ్లని చూశాం. చిలకల్నీ పావురాల్నీ ముద్దు చేసేవాళ్లనీ చూశాం. కాని, సాలెపురుగుల్ని పెంచుకునేవాళ్లు వుంటారనీ, వాళ్లంతా ఏడాదికోసారి ఒకచోట చేరి, ఎవరి సాలెపురుగు అందంగా వుందో చూసి బహుమతులు కూడా ఇచ్చుకుంటారనీ చెబితే నమ్మబుద్ధి వేస్తుందా? అందులోనూ మన ఆడవాళ్లకి! సంక్రాంతి వస్తోందన్నా, ఇంట్లో శుభకార్యం వుందన్నా మనం మొట్టమొదట చేతబట్టేది బూజుకర్రనే కదా. సాలెపురుగుకీ మనకీ వున్న చుట్టరికం అంతవరకే.

అదీ మామూలు సాలెపురుగు కాదు. టరంటులా అని, ఒంటినిండా నూగుతో, కాళ్లు బారజాపితే దాదాపు జానెడు వుండే రకం. ఇంగ్లండులో 1980లలోనే బ్రిటిష్ టరంటులా సొసైటీ అని ఒక సంఘం పుట్టింది. ఏటా ఎగ్జిబిషన్లు పెడుతూ వచ్చింది. మన పల్నాడులో ఎడ్ల పందేలకి గిత్తల్ని తోమి, కొమ్ములకి రంగు పూసి తోలుకొచ్చినట్టు, అక్కడివాళ్లు తమ తమ సాలీళ్లని డబ్బాల్లో పెట్టుకుని పోటీకి తెస్తారు. జడ్జీలు వంగి వంగి చూసి, కాళ్లన్నీ సరిగ్గా వున్నాయా, రంగు నిగనిగలాడుతోందా అని పరీక్షించి నెంబర్లు వేస్తారు. సాలీళ్లతోపాటు తేళ్లు కూడా ఆ కొలువులో వుంటాయి. ఎందుకంటే అవన్నీ ఒకటే కుటుంబం. ఎనిమిది కాళ్ల కుటుంబం. మన గొడ్లని పట్టి పీడించే పిడుదులూ, మిరపతోటల్లో ఆకు ముడిచే తెల్లనల్లీ వాటికి దగ్గరి చుట్టాలే.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో లాహుంటా అని ఒక చిన్న ఊరు. అక్కడ భాద్రపద ఆశ్వయుజాల్లో, అంటే సెప్టెంబరు అక్టోబరు నెలల్లో, గడ్డిమైదానాల మీద మగ టరంటులాలు బయలుదేరతాయి. ఏళ్ల తరబడి బొరియలో గడిపిన జీవి, వయసు రాగానే పిల్లని వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది. చలికాలం ముదిరేలోగా దాని ఆయుష్షు తీరిపోతుంది. ఆడది మాత్రం బొరియలోనే హాయిగా ఇరవయ్యేళ్లు పైగా బతుకుతుంది. ఆ మగవాళ్ల పెళ్లినడక చూడటానికి జనం కార్లు వేసుకుని వెళతారు. ఈమధ్య కొన్నేళ్లుగా ఆ ఊళ్లో దాన్ని పండగలా చేస్తున్నారు. ఊరేగింపు, పిల్లల ఆటలు, చివరికి ఎవరి కాళ్లకి వెంట్రుకలు ఎక్కువున్నాయో మనుషులకే పోటీ! మన కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభల కింద నిలబడి నోరు తెరుచుకుని చూసినట్టే, వాళ్లూ సాయంత్రం వేళ గడ్డిలోకి నోరు తెరుచుకుని చూస్తారు.

నవ్వొస్తుంది కదూ? నాకూ వచ్చింది. కాని ఈ సంగతి నవ్వుకుని వదిలేసేది కాదని ఒక ఫోటో వల్ల తెలిసింది.

మా చుట్టాలబ్బాయి ఒకడు జర్మనీలో చదువుకుంటున్నాడు. అక్కడ హామ్ అనే ఊళ్లో ఏడాదికి కొన్నిసార్లు పెద్ద సంత జరుగుతుంది. పాములు, బల్లులు, తాబేళ్లు, సాలీళ్లు, అన్నీ అమ్ముతారు. వీడు సరదాకి వెళ్లి, ఒక డబ్బా ఫోటో తీసి పంపించాడు. నరసరావుపేటలో మా పెద్దమ్మకి ఆ ఫోటో చూపిస్తే ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఆ రోజే వాడు ఫోన్ చేశాడు.

"ఏందిరా అబ్బాయ్ అది, బొమ్మా?"

"బొమ్మ కాదు పెద్దమ్మా, సాలెపురుగు. ప్రాణంతోనే వుంది."

"మరి ఆ నీలం రంగు ఎవరు పూశారు?"

"పూయలేదు పెద్దమ్మా, పుట్టుకతోనే అంత. దీన్ని కొనడానికి జనం ఎగబడతన్నారు ఇక్కడ."

"డబ్బులు పోసి సాలెపురుగుని కొంటారా! మా ఇంట్లో మూలకొకటి వుంది, వచ్చి పట్టకపొమ్మను!"

వాడు పడీపడీ నవ్వి అన్నాడు: "దీని పేరేందో తెలుసా? గూటీ అంట. మన గుత్తే పెద్దమ్మా!"

నిజమే. ప్రపంచంలో సాలీళ్లని పెంచేవాళ్లందరికీ నోట్లో నానే పేరు అది. గూటీ నీలమణి అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. అనంతపురం జిల్లా గుత్తి కోట గురించి వినని దొరలకి గుత్తి సాలీడు గురించి బాగా తెలుసు.

దాని కథ మన రైలుబండితో ముడిపడి వుంది. గుత్తి రైల్వే కలప దొడ్లో దొరికిన ఒకే ఒక్క సాలీడుని చూసి, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో దాన్ని కొత్తజాతిగా లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత నూరేళ్ల పాటు మరొకటి శాస్త్రజ్ఞుల కంట పడలేదు. గుత్తిలో వెతికితే దొరికేదా? అది గుత్తిది అయితే కదా! చివరికి 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య నల్లమల అడవిలో కనబడింది. పాపం, కలపతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి వుంటుందని అనుకుంటున్నారు. టిక్కెట్టు లేని ప్రయాణీకురాలికి ఊరి పేరు అంటుకుపోయింది.

మన నరసరావుపేటలో నంద్యాల బండెక్కితే వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు దాటి, దిగువమెట్ట నుంచి అడవిలోకి వెళుతుంది. బొగదాలు వస్తాయి. పిల్లలు కేకలు పెడతారు. మనం పులిహోర పొట్లం విప్పుతాం. కిటికీకి అవతల ఏ ఎత్తయిన చెట్టు తొర్రలోనో ఆ నీలం జీవి పగలంతా ముడుచుకుని కూర్చుని వుంటుంది. రాత్రయితే బయటికొచ్చి పురుగుల్ని పట్టుకుని తింటుంది. కరిస్తే బాగా నొప్పి పుడుతుందిగాని, దానివల్ల ఎవరూ చచ్చిపోయిన దాఖలా లేదు. ఆ నీలం కూడా రంగు కాదట. నెమలి పింఛంలో లాగే, వెంట్రుకల్లోని అతి సన్నని అల్లిక వెలుగుని విరిచి నీలంగా చూపిస్తుంది. వెలుగు లేకపోతే ఆ నీలమూ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ప్రపంచం మొత్తంమీద అది సొంతంగా బతికే చోటు వంద చదరపు కిలోమీటర్లకన్నా తక్కువ. అందులోనూ చెట్లు కొట్టేస్తున్నారు, వంటచెరుకుకీ కలపకీ. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించిపోవడానికి అతి చేరువలో వున్న జీవుల జాబితాలో చేర్చింది. 2019లో ఆ జాతి సాలీళ్లని అనుమతి పత్రాలు లేకుండా దేశాలు దాటించకూడదని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. కాని గాజుపెట్టెల్లో మాత్రం, ఐరోపాలో, అమెరికాలో, అది పిల్లల్ని పెట్టి, పిల్లలు పిల్లల్ని పెట్టి సుఖంగా వుంది. పుట్టింట్లో నిలువ నీడ లేదు, పరాయివాళ్ల ఇంట్లో రాణీభోగం!

దీన్ని ఏమంటారు? ప్రేమ అందామా?

వాళ్లని అడిగితే ప్రేమేనంటారు. వాళ్ల మాటా వినాలి కదా. "మేము పెంచాం గనుక దాని ఆయుష్షు ఎంతో, ఎన్ని గుడ్లు పెడుతుందో, ఎప్పుడు కుబుసం విడుస్తుందో లోకానికి తెలిసింది. మా ఇళ్లలో పుట్టినవే అమ్ముకుంటున్నాం గనుక అడవిలోవాటిని పట్టాల్సిన పని తప్పింది. దాన్ని చూసి కెవ్వుమనే జనానికి మా తిరనాళ్లలో అరచేతి మీద పెట్టి భయం పోగొడుతున్నాం." ఇందులో అబద్ధమేమీ లేదు. బూజుకర్ర తప్ప ఇంకో సంబంధం లేని నాకూ మీకూ వాళ్లని వేళాకోళం చేసే హక్కు బొత్తిగా లేదు.

అయినా ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది. మొట్టమొదటి జంటలు గాజుపెట్టెలోకి ఎక్కడి నుంచి వెళ్లాయి? అడవిలో నుంచే కదా. ఆ పెట్టెలో వెయ్యి పుట్టినా నల్లమలలో ఒక్క తొర్ర కూడా పెరగదు కదా. వాళ్ల ప్రేమ వల్ల సాలీడు బతుకుతోంది, నిజమే. బతికిన ఆ సాలీడుకి తనదంటూ ఒక రాత్రి లేదు, ఒక చెట్టు లేదు. అది వాళ్ల ఇష్టంలో బతుకుతోంది గాని, తన బతుకు బతకటం లేదు.

దొరల్ని అనేం లాభం? మన పిల్లలు చేసేది అదే. తొలకరి పడి ఆరుద్ర కార్తె రాగానే చేలల్లో ఎర్రగా, మఖమల్ గుడ్డ ముక్కలు పారేసినట్టు ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. అవీ ఎనిమిది కాళ్లవే! సాలీడుకి చిట్టి చెల్లెళ్లు. వేలితో రాస్తే ఎంత మెత్తన! ఆ మెత్తదనం మీద మోజుతో పిల్లలు వాటిని అగ్గిపెట్టెలో పెట్టి, ఇంత పచ్చగడ్డి పరిచి, దిండు కింద దాచుకుంటారు. పెట్టినవాళ్లకి అది ప్రేమే. కాని అది గడ్డి తినదు. చెదపురుగుల్ని తింటుంది, తడిమట్టిలో బతుకుతుంది. తెల్లారేసరికి అగ్గిపెట్టె తెరిస్తే ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆ అగ్గిపెట్టే గాజుపెట్టె అయితే హామ్ సంత.

ప్రేమ సంగతి ఇలా వుంటే, భయం సంగతేమిటి? పల్నాడులో పుట్టినవాళ్లకి తేలు గురించి వేరే పాఠం అక్కర్లేదు. రాళ్లసీమ మనది. నాపరాళ్ల గోడల సందుల్లో, కట్టెల మోపుల కింద, వామి అడుగున ఎక్కడ చెయ్యి పెట్టినా అనుమానమే. మండ్రగబ్బ నల్లగా అంత లావున భయపెడుతుంది గాని, నిజంగా ప్రాణం తీయగలిగింది చిన్న ఎర్రతేలు. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే వైద్యుడు, రక్తపోటుకి వాడే ప్రజోసిన్ అనే మాత్ర తేలుకాటుకి పనిచేస్తుందని 1980లలో నిరూపించేదాకా, ఆ ఎర్రతేలు విషం బాగా ఎక్కి ఆస్పత్రికొచ్చినవాళ్లలో నూటికి నలభైమంది దాకా పోయేవారట. తర్వాత అది నూటికి ఒకరికి వచ్చింది. అంచేత మన భయం మూఢత్వం కాదు. పిల్లలున్న ఇంట్లో తేలు కనబడితే తల్లి చెప్పుకోసం చూడటం న్యాయమే. ఆ తేలుకి హారతి పట్టమని నేనూ అనను.

కాని భయం అక్కడితో ఆగుతుందా? తేలంటే భయం గనుక తేలు గురించి నాలుగు అబద్ధాలు కూడా పుట్టిస్తాం. తేలుపిల్లలు తల్లిని తిని పుడతాయని మావైపు ముసలమ్మలు చెప్పేవారు. నిజానికి ఆ తల్లి పిల్లలన్నిటినీ వీపునెక్కించుకుని, అవి మొదటి కుబుసం విడిచేదాకా మోస్తుంది. మనం చంకనేసుకున్నట్టే. సుమతీ శతకకారుడు కూడా తేలునీ పామునీ తెచ్చి నిలబెట్టింది చెడ్డమనిషిని తిట్టడానికే. ఆ పద్యం నోటికి పట్టిన పిల్ల తేలుని చూసినప్పుడు తల్లిని చూస్తుందా, దుర్మార్గుణ్ణి చూస్తుందా?

పోనీ, భక్తి వుంది కదా అంటారా? ఆ ముచ్చటా తీర్చుకున్నాం. కర్నూలు జిల్లా కోడుమూరులో కొండమీద కొండలరాయుడు వెలిశాడు. శ్రావణమాసం మూడో సోమవారం నాడు జనం కొండెక్కి, రాళ్లు ఎత్తి ఎత్తి తేళ్లని వెతికి పట్టుకుని స్వామికి సమర్పిస్తారు. చేతుల మీదా తలల మీదా పాకించుకుంటారు, నాలుక మీద పెట్టుకునేవాళ్లూ వున్నారు. ఆవేళ కుట్టదనీ, కుట్టినా గుడిచుట్టూ ప్రదక్షిణ చేస్తే తగ్గుతుందనీ నమ్మకం. ఇంగ్లండువాళ్ల తిరనాళ్లలో సాలీడు, మన తిరనాళ్లలో తేలు. చూడండి, ఎంత దూరాన వున్నా మనిషి మనిషే! ఇక శ్రీకాళహస్తి సంగతి సరేసరి. ఆ ఊరి పేరులో మొదటి అక్షరమే సాలీడు. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి ఏనుగు. శివలింగానికి తన దారంతో గుడి కట్టి, దీపం మంటకి ఆ గూడు కాలిపోతే ఆ మంటనే మింగబోయిందట ఆ చిన్న ప్రాణి. శివుడు కరిగిపోయాడు. ఆ కథని పదహారో శతాబ్దంలో ధూర్జటి కావ్యంగా కట్టాడు. ఆ గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చి, స్నానం చేసి, మనమే మర్నాడు వంటింట్లో దాని వంశాంకురాన్ని చీపురుతో దులిపేస్తాం. గుడిలో వుంటే భక్తురాలు, గోడమీద వుంటే దరిద్రం!

భయపడేవాడు చంపుతాడు. భక్తుడు కొండమీద రాళ్లెత్తి పట్టుకొస్తాడు. ఇష్టపడేవాడు పెట్టెలో పెడతాడు. మూడూ వేరు వేరు అనుకుంటాం. కాని కాస్త నిదానించి చూస్తే, మూడింట్లోనూ మనమే వున్నాం. నా భయం, నా భక్తి, నా సరదా. అసలు దానికేం కావాలి అన్నది ఈ ముగ్గురిలో ఎవరూ అడగరు. అడిగితే జవాబు చాలా చిన్నది. దానికి మన ప్రేమ అక్కర్లేదు. ఒక చెట్టు తొర్ర కావాలి. అంటే చోటు.

ప్రేమ లేకుండా చోటివ్వటం ఎలా అని సందేహం రావచ్చు. మన పల్నాడులోనే దానికి జవాబుంది. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాపమీద కూర్చుని తినాలన్నాడు. ముందు ఒకళ్లనొకళ్లు ప్రేమించండి, ఆ తర్వాత చాప పరుస్తానని అనలేదు. ముందు చాప పరిచాడు. కూర్చున్నవాళ్లందరికీ ఆ క్షణంలో పక్కవాడి మీద ఆపేక్ష పొంగి పొర్లిందని నేననుకోను. ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చున్నవాళ్లూ వుండే వుంటారు. అయినా చోటు దొరికింది. అది చాలు. ఇప్పటికీ కారెంపూడిలో కార్తీకంలో వీరుల ఉత్సవాలప్పుడు ఆ చాపకూడుని తలుచుకుంటూనే వున్నారు. మనసు మారేదాకా ఆగితే ఏ చాపా పరుచుకోదు.

మన చేలల్లో జరిగిన కథ కూడా అదే చెబుతుంది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని తెల్లదోమ ముంచేసింది. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది. అప్పులు పెరిగాయి. ఎందరో రైతులు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఎందరు ఆడవాళ్ల నుదుటి కుంకుమ ఆ ఏడాది తుడిచిపెట్టుకుపోయిందో! అంతా అయ్యాక శాస్త్రజ్ఞులు చెప్పిన కారణాల్లో ఒకటి ఏమిటంటే, విచ్చలవిడిగా కొట్టిన మందులు దోమకన్నా ముందు దోమని తినేవాటిని చంపేశాయని. అలా తినేవాటిలో సాలీళ్లూ వున్నాయి. ఇప్పుడు వ్యవసాయ శాఖవాళ్లు వాటిని మిత్రపురుగులు అని పిలుస్తున్నారు. ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల పురుగుల్ని తింటాయని 2017లో ఐరోపా శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మన పత్తిరైతు సాలీడుని ముద్దుపెట్టుకోనక్కర్లేదు, దానికి పేరు పెట్టనక్కర్లేదు. దాని మానాన దాన్ని వుండనిస్తే చాలు. ఆ చోటు ఇవ్వనందుకు మనం కట్టిన మూల్యం ప్రాణాలు.

ఇంతకీ, సాలీళ్ల దగ్గర మొదలెట్టి ఎక్కడికి వెళుతోంది ఈవిడ అనుకుంటున్నారా? మీ ఇంటికే వస్తున్నాను.

మనం ఆడవాళ్లం. ప్రేమ మన సొత్తు అని లోకం అంటే పొంగిపోతాం. కాని మన ఇళ్లల్లో ఎన్ని గాజుపెట్టెలు! "నిన్ను వదిలి ఒక్కరోజు వుండలేనే తల్లీ" అంటూ కూతుర్ని హాస్టలుకి పంపని తల్లి. "కోడలు కాదు, కూతురే" అని నలుగురిలో చెప్పి, ఆ పిల్ల బీరువా, ఆ పిల్ల ఫోను, ఆ పిల్ల మొహంలో నవ్వు ఎందుకు తగ్గిందీ అన్నీ తరచి చూసే అత్తగారు. వాళ్లు దుర్మార్గులు కారు. నిజంగా ప్రేమిస్తున్నారు. అగ్గిపెట్టెలో గడ్డి పరిచే చేతికి కూడా ప్రేమే తెలుసు.

గురజాలలో నాకు తెలిసిన ఒక పెద్దావిడ వుండేది. కోడలికీ ఆవిడకీ మాటలు తక్కువ. రుచులు కలవవు, దేవుళ్లు కూడా కలవరు. కోడలు ఉద్యోగం నుంచి వచ్చాక ఒక గంటసేపు తన గదిలో తలుపు వేసుకునేది. ఆ గంటలో ఎవరొచ్చినా ఆవిడ వసారాలోనే కూర్చోబెట్టి, "పిల్ల అలిసిపోయి వచ్చింది, కాసేపాగండి" అనేది. గదిలోకి వెళ్లాల్సివస్తే తలుపు కొట్టి వెళ్లేది. ఎప్పుడూ కూతురివే అని ముద్దాడలేదు. చివరిరోజుల్లో ఆవిడకి పక్షవాతం వస్తే అన్నీ ఆ కోడలే చేసింది. "అత్తయ్యని ఎందుకంత చూసుకుంటున్నావు, మీ ఇద్దరికీ పెద్ద పొంతన లేదుగా?" అని నేనే అడిగాను. ఆ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, "నా గంట జోలికి ఎప్పుడూ రాలేదండీ" అంది. అంతే.

చోటివ్వటం తేలిక అనుకోకండి. చంపటానికి ఒక దెబ్బ చాలు. పూజకి ఒక రోజు చాలు. పెంచుకోవటానికి ఒక పెట్టె చాలు. వదిలేయటానికి మాత్రం రోజూ మనల్ని మనం పట్టుకోవాలి. వంటచెరుకుకి ఆ ఒక్క చెట్టు కొట్టకుండా వుండాలి. చేలో మందుడబ్బా ఎత్తిన చెయ్యి ఒకరోజు ఆగాలి. తలుపు సందులోంచి చూడాలనే కన్ను తిప్పుకోవాలి. చోటంటే హద్దు కూడా. ఊయల దగ్గరికొచ్చిన తేలుది తప్పకుండా హద్దు దాటటమే. తొర్రలో వున్న సాలీడుని లాక్కొచ్చిన మనిషిదీ అంతే. ఎవరి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవటమే సగం ధర్మం.

ఇంకొక కష్టం కూడా వుంది. చోటిస్తే అది మనకి కనబడకపోవచ్చు. లాహుంటా జనం మీద నాకు గౌరవం కలిగింది అందుకే. పెట్టె ఏమీ పట్టుకెళ్లకుండా రోడ్డు పక్కన నిలబడి, దారి దాటే జీవికి దారి వదిలి, కనబడితే చూసి, కనబడకపోతే వూరికే సాయంత్రపు ఎండ చూసుకుని తిరిగొచ్చేవాళ్లు వాళ్లలో ఎందరో వుంటారు. మన నల్లమల నీలాన్ని అయితే మీరూ నేనూ ఈ జన్మలో చూడం. నంద్యాల బండి ఎన్నిసార్లెక్కినా చూడం. మన పెద్దమ్మ అయితే చూడకపోవటమే మేలంటుంది.

చూడకపోయినా అక్కడ వుంది అని తెలిసి, వుండనీ అనుకోగలగటం, నా మట్టుకు నాకు, ఇష్టంలోకెల్లా పెద్ద ఇష్టం అనిపిస్తుంది. మరి మీరేమంటారు?